పండగ అందరిదీ, చెత్త ఎవరిది?

డిసెంబరు వచ్చిందంటే పేటల్లో నక్షత్రాలు వెలుగుతాయి. క్రిస్మస్, వారం తిరిగేసరికి కొత్త సంవత్సరం, ఇంకో రెండు వారాలకు సంక్రాంతి. సరిగ్గా ఈ రోజుల్లోనే మనకు ఉపదేశాలూ మొదలవుతాయి. "కూలిజనం చూడండి, అప్పులు చేసి మరీ పండగలు చేసుకుంటారు, పొదుపు తెలియదు" అని. ఎవరంటున్నారీ మాట? పెళ్ళికి పాతిక రకాలు వండించి సగం పెంటకుప్ప మీద పోయించే పెద్దలు! గంజి తాగి పొలానికి పోయి, పాతచీర చించి బిడ్డకు పక్క వేసి బతికిన మనకు వీళ్ళు పొదుపు నేర్పాలా?

అయినా ఈ సంగతి మనలో మనం మాట్లాడుకోవాల్సిందే. వాళ్ళు తిడుతున్నారని కాదు. పండగ అప్పు మన గడపకే వస్తంది, పండగ చెత్త కూడా మనోళ్ళ చేతికే వస్తంది గనుక.

డెల్టాలో ఒకప్పుడు వరికోతల కూలితో క్రిస్మస్ వెళ్ళిపోయేది. కోత మిషన్లు దిగాక ఆ పని దినాలు పోయాయి. పండగ మాత్రం పోలేదు, పెరిగింది. నూటికి అయిదు రూపాయల వడ్డీకి 10,000 తెస్తే నెలకు 500. వచ్చే క్రిస్మస్ నాటికి వడ్డీయే 6,000 కట్టి ఉంటాం, అసలు అట్టాగే కూర్చుని ఉంటది. దీనికి పిల్లల కొత్తబట్టలు మానమని మేము చెప్పం. ఏడాదికొక్కసారి కొత్తచొక్కా తొడుక్కునే పిల్లోడి దగ్గర పొదుపు మొదలుపెట్టేది ఏం పొదుపు? కూర దగ్గరా వద్దు. డీజే పెట్టెల అద్దె దగ్గర మొదలుపెడదాం. ఫ్లెక్సీల దగ్గర మొదలుపెడదాం. ఫ్లెక్సీ నిండా ఎమ్మెల్యే మొహం, డబ్బులిచ్చిన మన కుర్రాళ్ళ ఫోటోలేమో అడుగున చీమలబారు! 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్లను కేంద్రం 2022 జూలై 1 నుంచి నిషేధించింది కూడా. వెదురు బద్దలు చీల్చి రంగుకాగితం అంటించి నక్షత్రం కట్టగల చేతులు పేటలో ఇంకా ఉన్నాయి. ఆ ముసలాయన్ని పిలిచి కుర్రాళ్ళకు నేర్పించండి.

ఇక చెత్త. డిసెంబరు 31 రాత్రి ఊరంతా కేకులు కోస్తుంది. తెల్లారి అయిదు గంటలకు ఆ అట్టపెట్టెలు, ధర్మాకోల్ పళ్ళాలు, పగిలిన సీసాలు ఎత్తేది ఎవరు? ఎక్కువమంది మన ఆడపడుచులే. చాలామందివి కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగు బతుకులే. 2023 డిసెంబరు 26న ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు సమ్మెకు దిగారు. కొత్త సంవత్సరం ఆ సమ్మెలోనే వచ్చింది. కుప్పలు పేరుకుని వీధులు కంపు కొట్టాక గానీ వాళ్ళు మనుషులని పట్నానికి గుర్తు రాలేదు. మనం విసిరేసిన కవరు కాలవకు అడ్డం పడితే దాన్ని తియ్యడానికి దిగేది కూడా మన మనిషే. మురుగుగోతుల్లో చనిపోయినవారి కుటుంబానికి 10 లక్షలివ్వాలని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది. పరిహారం పెరిగింది సరే, అసలు రక్షణ సామగ్రి లేకుండా మనిషిని దించడమే చట్టవిరుద్ధమని అందరికీ తెలిసీ దించుతూనే ఉన్నారు.

అన్నం సంగతి ఇంకా లోతుగా చూడాలి. "మిగిలింది పారెయ్యకండి, పేదలకు పంచండి" అని ఇప్పుడు గొప్పగా చెబుతున్నారు. రాత్రి పదకొండింటికి కారు వాడలోకి వస్తది, మిగిలిపోయిన బిర్యానీ దింపుతారు, ఫోటో తీసుకుంటారు. మన తాతలు దొడ్డివాకిట నిలబడి గిన్నె చాపింది దీనికోసమే గదా! 1927 మార్చిలో మహద్‌లో బాబాసాహెబ్ మనవాళ్ళకు చెప్పిన మాటల్లో ఎంగిలి ముక్కలు తినడం మానండన్నది ఒకటి. అన్నం వృథా కాకూడదు, నిజమే. దానికి దారి తలలు లెక్కపెట్టి వండటం. ఇవ్వాలనుకుంటే వడ్డన మొదలవ్వక ముందే వేడివేడిగా తీసి పంపాలి, లేదా పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలి. అందరూ తిని చేతులు కడుక్కున్నాక పంపేదాన్ని దానమనకండి.

ఈ మాట బయటివాళ్ళకే చెప్పి ఊరుకుంటే మనకు నీతి ఉన్నట్టు కాదు. మన గుడి విందు అయ్యాక ఆకులెత్తడానికి రెల్లిపేట నుంచి మనిషిని పిలుస్తున్నామా లేదా? ఆ మనిషికి మొదటి బంతిలో చోటుందా, అడుగు కూరేనా? మాల మాదిగ నాయకులు ఈ ప్రశ్నకు వేదిక మీద కాదు, వంట పొయ్యి దగ్గర జవాబు చెప్పాలి.

వాడి పారేసే గ్లాసులు మానమంటే కొందరు మిత్రులు నవ్వుతున్నారు, ఇది చదువుకున్నోళ్ళ సోకు అని. రెండు గ్లాసుల పద్ధతి మీద మనం కొట్లాడిన కొన్ని ఊళ్ళల్లో టీకొట్టువాళ్ళు ఏం చేశారు? ఊరోళ్ళకు గాజుగ్లాసు ఉంచి, మనకు తాగి పారేసే గ్లాసు ఇచ్చారు. కడిగే పని లేదు, ముట్టుకునే పని అంతకన్నా లేదు. కాబట్టి స్టీలుగ్లాసు మనకు సోకు కాదు. ఒకరు తాగిన గ్లాసు కడిగి ఇంకొకరు తాగటం మనం కొట్లాడి తెచ్చుకున్న హక్కు.

ఒక చిక్కుంది. వందమంది తిన్న స్టీలు పళ్ళాలు కడిగేది ఎవరు? మళ్ళీ మన ఆడోళ్ళే అయితే, మునిసిపాలిటీ చెత్త తగ్గించి ఇంట్లో చాకిరీ పెంచినట్టే. అందుకని జనవరి 3న సావిత్రిబాయి ఫూలే జయంతి సభలు పెట్టుకునే సంఘాలకు మా మనవి: పళ్ళాలు, గ్లాసులు ఎవరింటివి వాళ్ళు తెచ్చుకోమని ముందే చాటించండి. కడిగే వంతులకు మగవాళ్ళ పేర్లు రాసి గోడకు అంటించండి. నాయకుల పేర్లు పైన రాయండి.