దీపపు గుమ్మడి – పులుసు గుమ్మడి

హాలోవీన్ అనగానే పిశాచాల పండుగ అని ముఖం చిట్లించే పెద్దలలో కొంతకాలం క్రితం వరకు నేనూ ఒకడిని. న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట ఉన్న ఒక అక్టోబరు 31 సాయంత్రం, ఎనిమిదేళ్ళ మనవరాలిని దగ్గు మిషతో వీధిలోకి వెళ్ళనివ్వలేదు. నిజానికి దగ్గు అప్పటికే తగ్గుముఖం పట్టింది. చల్లగాలి, చక్కెర అని నేను చెప్పిన కారణాలు సబబైనవే గాని, నా మనసులో ఉన్నది ఆ వేషాలపై ఏవగింపు. పాప సీతాకోకచిలుక రెక్కలు కట్టుకుని గుమ్మంలోనే కూర్చుని, వచ్చిన పిల్లలందరికీ మిఠాయిలు పంచింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నన్ను ఎక్కువ బాధించింది.

తరువాత ఆ పండుగ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకున్నాను. ఐర్లండు, స్కాట్లండు ప్రాంతాల కెల్టు జాతులవారు పంటలు ముగిసి చలికాలం మొదలయ్యే వేళ సావిన్ అనే పండుగ జరుపుకొనేవారు. చనిపోయినవారు ఆ రాత్రి తిరిగి వస్తారని వారి నమ్మకం. ఐర్లండులో టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు పెట్టేవారు. 19వ శతాబ్దంలో అక్కడినుండి వలస వచ్చినవారికి అమెరికాలో గుమ్మడి విరివిగా దొరికింది. పితృదేవతలకు మహాలయ పక్షాన్ని కేటాయించి, దిష్టికి బూడిద గుమ్మడి వేలాడదీసే మనకు ఇందులో వింత ఏమున్నది?

ఋతుసంధి అంటే జాగ్రత్త పడడం మన వైద్యానికీ కొత్త కాదు. ఒక ఋతువు చివరి 7 రోజులు, రాబోయే ఋతువు మొదటి 7 రోజులు పాత అలవాట్లను క్రమంగా విడుస్తూ కొత్తవాటిని చేపట్టాలని వాగ్భటుడు చెప్పాడు. కార్తికం చివరి 8 రోజులకు, మార్గశిరం మొదటి 8 రోజులకు శార్ఙ్గధరుడు ‘యమదంష్ట్ర’ అని పేరు పెట్టి, ఆ దినాలలో మితాహారం విధించాడు. ఆ కాలానికి కొద్ది వారాల ముందే పిల్లలకు సంచులకొద్దీ చక్కెర అందుతున్నది. నా అభ్యంతరం దీనిపైనే గాని, వేషాలపైన కాదు.

అక్కడి శని, ఆదివారాలను మాత్రం నేను మనసారా మెచ్చుకుంటాను. కుటుంబాలు తోటలకు వెళ్ళి ఆపిల్ పండ్లు స్వయంగా కోసుకుంటాయి. మొక్కజొన్న చేలలో దారి తప్పి తిరుగుతాయి, గుమ్మడికాయను భుజాన మోసుకొస్తాయి. ఇళ్ళలో ముడుచుకొనే చలికాలానికి ముందు ఆ ఎండ, ఆ నడక ఎంతో మేలు. అయితే దేశభేదం మరువరాదు. శరత్తులో పిత్తం ప్రకోపిస్తుందని, నూనె తగ్గించాలని మన గ్రంథాలు చెప్పినది వానలు వెలిసి ఎండ కాచే మన నేలను చూసి. ఆకులు రాలి పొడిగాలి వీచే న్యూజెర్సీలో నాకు వాతలక్షణాలే కనిపించాయి. చర్మం పగలకుండా స్నానానికి ముందు గోరువెచ్చని నువ్వులనూనె రాసుకోవడం అక్కడ అవసరమైంది.

ఇక గుమ్మడి సంగతి. కూష్మాండమని మన గ్రంథాలు పొగిడినది బూడిద గుమ్మడిని. ఆ గుణాలన్నీ తీపి గుమ్మడికి అంటగట్టి రాసేవారితో నాకు పేచీ ఉన్నది. అలాగని దీనికి విలువ లేకపోలేదు. ఆ పసుపురంగు కండలోని కెరోటిన్ శరీరంలో విటమిన్ ‘ఎ’గా మారుతుంది, కంటికి మంచిది. అంతటి కాయను తొలిచి, నాలుగు రోజులు మెట్లపై ఉంచి చెత్తబుట్టలో వేయడమే నాకు మింగుడుపడలేదు. తొలిచి బయట ఉంచిన కాయను వండరాదు, అది చెడిపోతుంది. దీపానికి పెద్దకాయ తెస్తే, వంటకు ‘షుగర్ పంప్కిన్’ అనే చిన్నకాయ వేరుగా తీసుకోండి. పెద్దదానిలో పీచెక్కువ, రుచి తక్కువ. పచ్చిముక్క కొద్దిగా నాలుకకు తగిలించి చూసి, చేదుగా ఉంటే ఉమ్మివేసి కాయ మొత్తం పారవేయండి. చేదు సొరకాయ వలెనే అదీ విషతుల్యం. మంచిదైతే చింతపండు రసం, బెల్లం, ఇంగువ తిరగమోతతో పులుసు పెట్టి, చివర చారెడు బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే చిక్కబడుతుంది. గింజలు కడిగి ఆరబెట్టి, ఉప్పు చల్లి వేయించుకోవచ్చు.

మరుసటి ఏడు మనవరాలితో నేనే బయలుదేరాను. చెవులు కప్పి, ఉన్ని మేజోళ్ళు తొడిగి, వేడివేడి పులుసన్నం తినిపించాకే ఇల్లు కదిలాము. కడుపు నిండినవాళ్ళు దారిలో మిఠాయి పెద్దగా ముట్టరు. తెచ్చినవాటిలో రోజుకు రెండు, అదీ భోజనం తరువాతనే, ఆపైన నోరు పుక్కిలించాలి అని ఒప్పందం. ఒక ఇంటి ముందు నా పంచె, మఫ్లరు చూసి ఒక పిల్లవాడు అది ఏమి వేషమని అడిగాడు.

“మా తాతయ్య వైద్యుడి వేషం వేశాడు” అన్నది మనవరాలు.