నమూనా హెలికాప్టరు: విద్యుత్తా, నైట్రోవా?

శ్రీహరికోటకు విజ్ఞానయాత్ర చేసి వచ్చిన ప్రతి విద్యార్థి బృందములోను ఒకరిద్దరికైనను "మనమును ఏదేని ఒకటి ఎగురవేయవలెను" అను తలంపు కలుగుట సహజము. సూళ్లూరుపేట దాటి, పులికాటు సరస్సు మీది బాట వెంట పోయి, ఆ దీవిని చేరినవారికి ఆకాశము కొంత దగ్గరయైనట్లు తోచును. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అను చిన్న రాకెట్టు అచట నుండియే తొలిసారిగా ఎగసినది. నాడు నెల్లూరు జిల్లాలోనిదైన ఆ ప్రదేశము 2022 నుండి తిరుపతి జిల్లాలోనిది. 2019లో ప్రజలకై వీక్షణ ప్రాంగణము తెరచిన పిదప ప్రయోగమును కన్నులార చూచు భాగ్యము సామాన్య విద్యార్థులకును లభించినది.

రాకెట్టు చేయుట కళాశాలకు సాధ్యమగు పని కాదు, కారాదు కూడ. కాని రేడియో సంకేతములతో నడచు నమూనా హెలికాప్టరును కూర్చి, మరమ్మతు చేసి, ఎగురవేయుట మన విజ్ఞాన విద్యార్థులకు అందని ఫలము కాదు. అట్టి ప్రయత్నమునకు పూనుకొన్నవారికి ఎదురగు మొదటి ప్రశ్న ఇది: విద్యుత్తుతో నడచు యంత్రమును కొనవలెనా, నైట్రో ఇంధనముతో నడచుదానిని కొనవలెనా? ఇది అంగడిలో తేలు అభిరుచి విషయమని కొందరందురు. మేమట్లు తలంపము. ఎవరు, ఎచట, ఏ ప్రయోజనమునకై ఎగురవేయుదురో విచారించిన పిమ్మటనే దీనికి సమాధానము చెప్పవలెను. అట్లు విచారించినచో మన వంటి కళాశాలలకు విద్యుత్ హెలికాప్టరే తగినదని మా దృఢమైన అభిప్రాయము.

మొదట నైట్రో పక్షమును న్యాయముగా వినవలెను. పశ్చిమ జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ 1960 దశకపు చివరి సంవత్సరములలో ఆచరణయోగ్యమైన రేడియో హెలికాప్టరును రూపొందించిన నాటి నుండి మూడు దశాబ్దములకు పైగా ఈ విద్యకు ఆధారము చిన్న ఇంధన ఇంజనే. మిథనాల్, నైట్రోమీథేను, నూనె, ఈ మూటి మిశ్రమమే దాని ఆహారము. ఇంజను తలపై గ్లో ప్లగ్గు అను చిన్న పరికరముండును. అందులోని ప్లాటినం తీగను మొదట బ్యాటరీతో వేడిచేయుదురు. ఇంజను నడక సాగిన పిదప బ్యాటరీతో పనిలేదు. దహనపు వేడిమి వలనను, ప్లాటినముతో మిథనాల్ జరుపు చర్య వలనను ఆ తీగ తనంతట తానే ఎర్రగా నిలిచియుండును. రసాయనశాస్త్ర విద్యార్థికి ఉత్ప్రేరకమన నేమో చూపుటకు ఇంతకంటె ముచ్చటైన దృష్టాంతము దొరకుట అరుదు.

నైట్రోమీథేను కథ మరింత రమ్యమైనది. ఆ అణువులోనే ఆక్సిజను ఇమిడియున్నది. ఒక పాలు మిథనాల్ మండుటకు సుమారు ఆరున్నర పాళ్ల గాలి కావలసియుండగా, ఒక పాలు నైట్రోమీథేనుకు రెండు పాళ్ల కంటె తక్కువ గాలి చాలును. కావున అదే ఇంజనులో ఎక్కువ ఇంధనమును మండించి ఎక్కువ శక్తిని పొందవచ్చును. శ్రీహరికోటలో తయారగు ఘన ఇంధనములో అమోనియం పర్‌క్లోరేటు చేయు పనియు ఇట్టిదే. గాలిపై ఆధారపడక, తన ప్రాణవాయువును తానే మోసికొనిపోవుట దాని లక్షణము. ఇక మిశ్రమములోని నూనె విషయమునకు వచ్చినచో, అందు తరచుగా వాడునది మన మెట్టపొలములలో పండు ఆముదమే. మొదటి ప్రపంచయుద్ధ కాలపు విమానముల ఇంజనులకును ఆముదమే కందెన. ఇంధనము ఖర్చగుకొలది యంత్రము తేలికయగుట రాకెట్టుతో దీనికి గల మరియొక పోలిక.

విద్యుత్ హెలికాప్టరు చరిత్ర ఇంత దీర్ఘమైనది కాదు. నికెల్-కాడ్మియం బ్యాటరీల కాలములో అది బరువు మోయలేని బలహీనపు బొమ్మ. లిథియం పాలిమర్ బ్యాటరీయు, బ్రష్‌లెస్ మోటారును 2000 తరువాత విరివిగా లభించుటతో పరిస్థితి తారుమారైనది. ఒక్కొక్క లిథియం ఘటము 3.7 వోల్టులది. అట్టి ఆరింటిని వరుసగా కలిపినచో 22.2 వోల్టులు లభించును. మోటారులో రాపిడికి అరుగు బ్రష్షులు లేవు, పొగ లేదు, సూది త్రిప్పి సవరించు కార్బురేటరు లేదు. బ్యాటరీని బిగించి, సరిచూచి, ఎగురవేయుటయే.

శక్తి లెక్కలో మాత్రము నైట్రోదే పైచేయి. ఒక కిలో మిథనాల్‌లో సుమారు 20 మెగాజౌళ్ల శక్తి ఉండగా, ఒక కిలో లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక మెగాజౌలైనను ఉండదు. అయినను చిన్న ఇంజనులో ఆ శక్తిలో అధికభాగము వేడిగాను, మండని ఇంధనముగాను వ్యర్థమగును. విద్యుత్ మోటారు తనకిచ్చిన దానిలో నూటికి ఎనుబది పాళ్లకు పైగా పనిగా మార్చును. తుదకు తేలు ఫలితమేమనగా, నైట్రో యంత్రము సాధారణముగా ఎనిమిది నుండి పది నిమిషములు, విద్యుత్ యంత్రము ఐదు నుండి ఎనిమిది నిమిషములు ఎగురును. కాగితముపై ఇరువది రెట్లకు మించిన వ్యత్యాసము ఆకాశములో రెండు మూడు నిమిషములకు కుదించుకొనిపోయినది. దక్షత అను మాటకు అర్థమును పాఠ్యపుస్తకము కంటె ఈ లెక్కయే చక్కగా బోధించును.

ఇక స్థలమును గూర్చి యోచింతము. శ్రీహరికోట పరిసరములకు ఒకవైపు బంగాళాఖాతము, మరియొకవైపు పులికాటు. గాలిలో తేమయు ఉప్పును సదా ఉండును. మిథనాల్ తేమను పీల్చుకొను స్వభావము గలది. మూత సరిగా బిగించని డబ్బాలోని ఇంధనము కొలదికాలములోనే చెడును. నైట్రోమీథేను మండగా మిగులు ఆమ్లపు అంశములు ఇంజను లోపలి బేరింగులను తుప్పు పట్టించును. కావున ప్రతి దినము పని ముగియగానే నూనె పోసి భద్రపరుపవలెను. విద్యుత్ పక్షమునకును ఇచట చిక్కులు లేకపోలేదు. మన వేసవి ఎండలో మూసిన కారులో వదలిన బ్యాటరీ ఉబ్బును, త్వరగా ముసలిదగును. అయినను బ్యాటరీని నీడనుంచుట విద్యార్థికి సాధ్యమే. సముద్రపు గాలిని ఆపుట ఎవరికిని సాధ్యము కాదు.

పులికాటునకును, నేలపట్టునకును ఏటేట వచ్చు పక్షులను మరువరాదు. రాజహంసలు శీతకాలమంతయు ఆ లోతులేని నీటిలో మేతకు నిలుచును. భారత అంతరిక్ష కార్యక్రమమునకు సారథ్యము వహించిన సతీష్ ధావన్, 2002 నుండి ఎవరి పేర శ్రీహరికోట కేంద్రము పిలువబడుచున్నదో ఆ మహనీయుడే, పక్షుల గమనమును శ్రద్ధతో పరిశీలించి 1991లో పక్షుల ఎగురుటపై ఒక శాస్త్రగ్రంథమును ప్రకటించెను. ఆయన పేరు చెప్పుకొని ఎగుర నేర్చువారు పక్షులను బెదరగొట్టుట తగునా? నైట్రో ఇంజను అరపు చాల దూరమునకు వినిపించును. విద్యుత్ యంత్రపు రెక్కలకును సద్దు గలదు గాని అది అంత దూరము పోదు. ఏ యంత్రమైనను పక్షుల ఆశ్రయములకు దూరముగనే ఎగురవలెనన్నది వేరుగ చెప్పనక్కరలేదు.

చట్టమును సైతము గమనింతము. శ్రీహరికోట రక్షిత ప్రదేశము. అనుమతి లేక ఆ చుట్టుపట్ల ఏ యంత్రమును ఎగురవేయరాదు. కనుక అభ్యాసము కళాశాల మైదానములోనే, ప్రభుత్వము ప్రకటించిన గగనతల పటమును చూచుకొనియే జరుగవలెను. 2021 నాటి డ్రోన్ నిబంధనలు 250 గ్రాముల లోపు వానిని నానో అనియు, అటనుండి 2 కిలోల వరకు గల వానిని మైక్రో అనియు విభజించినవి. వాణిజ్యము కాని పనికి ఈ రెండు తరగతులకును చాలకుని అనుమతిపత్రము అక్కరలేదని అందు చెప్పబడినది. వాడుకలో నున్న నైట్రో హెలికాప్టరులలో చిన్నదియే సుమారు 3 కిలోలు తూగును. 450 తరగతి విద్యుత్ హెలికాప్టరు ఒక కిలోకు అటునిటు మాత్రమే. ఈ ఒక్క విషయమే విద్యార్థి పక్షమున తీర్పును సగము నిర్ణయించుచున్నది.

తక్కిన సగమును ప్రమాదభయము నిర్ణయించును. మిథనాల్ విషము. కల్తీసారాతో చూపు పోయినవారిని, ప్రాణములు పోయినవారిని గూర్చి పత్రికలలో చదువుచుందుము. పెక్కు సందర్భములలో ఆ ఘోరమునకు కారణము ఈ ద్రవ్యమే. అది మండునప్పుడు పగటివేళ మంట కంటికి కనబడనైన కనబడదు. పదిమంది నిద్రించు హాస్టలు గదిలో మంచము క్రింద అట్టి డబ్బాను దాచుట ఎంతటి అవివేకమో ఆలోచింపుడు. బ్యాటరీయు అమాయకమైనది కాదు. గుచ్చుకొన్నను, మితిమీరి చార్జి చేసినను భగ్గున మండును. అయితే దానికి జాగ్రత్త పరిమితము: ఎదుట మనిషి ఉండగనే చార్జి చేయుట, ఇసుక బకెట్టు దగ్గర ఉంచుకొనుట, ఉబ్బిన దానిని మరల వాడకుండుట. వీనిని ఒక కాగితముపై వ్రాసి గోడకు అంటింపవచ్చును.

రెక్కల విషయమున రెండింటికిని భేదము లేదు. అడ్డముగా 1.35 మీటర్లు గల రెక్కల చక్రము నిమిషమునకు 2000 చుట్లు తిరిగినచో రెక్క కొన వేగము గంటకు 500 కిలోమీటర్లు దాటును. అది బొమ్మ కాదు, తిరుగుచున్న కత్తి. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుండి సాగిన ఎస్.ఎల్.వి.-3 తొలి ప్రయోగము రెండవ దశలోని ఒక కవాటపు లోపము వలన విఫలమైనది. డాక్టర్ అబ్దుల్ కలాం నాయకత్వములోని ఆ బృందమే 1980 జూలై 18న విజయము సాధించినది. నడుమ జరిగిన పని యేమి? ప్రతి భాగమును మరల మరల సరిచూచుటయే. ఎగురుటకు ముందు ప్రతి మరను తడవి చూచు అలవాటు మన విద్యార్థులకు ఆ చరిత్ర నుండి అబ్బవలెను.

ఖర్చు మాట చెప్పక తప్పదు. విద్యుత్ పక్షమున బ్యాటరీలకు, చార్జరుకు మొదటనే పెద్ద మొత్తము కావలెను. నైట్రో పక్షమున ఇంధనము, ప్లగ్గులు, బేరింగులు నెలనెలకు ఖర్చు పెంచును. మన విద్యార్థులలో పెక్కుమంది స్కాలర్‌షిప్పులపై చదువువారు. మొదటి ఖర్చును కళాశాల ఒకమారు భరింపగలదు. నెలనెలా చందా ఇయ్యవలసి వచ్చినచో పేద విద్యార్థి సిగ్గుతో తొలగిపోవును. కాలము సంగతియు అట్టిదే. కడపటి పాఠమునకును, ఊరికి పోవు కడపటి బస్సునకును నడుమ మిగులు గంటలో నైట్రో ఇంజనును సవరించుటకే అరగంట పట్టును. బస్సెక్కి పోవలసిన విద్యార్థినికి యంత్రముపై చేయి వేయు అవకాశమే దక్కదు.

"ఇంజను శబ్దమును విని దాని ఆరోగ్యమును పసిగట్టుట ఒక హునరు. దానిని పోగొట్టుకొందుమా?" అని నైట్రో అభిమానులు అడుగుదురు. ఈ ప్రశ్న కొట్టివేయదగినది కాదు. దీనికి మా సూచన ఇది. ఒక చిన్న ఇంజనును ప్రయోగశాల వెలుపల గట్టి బల్లపై బిగించి, అధ్యాపకుని సమక్షములో నడిపి చూపవలెను. ఇంధనము కళాశాల తాళములోనే ఉండవలెను. ఎగురుటకు మాత్రము విద్యుత్ యంత్రమునే వాడవలెను. అంతకుముందు కంప్యూటరుపై సిమ్యులేటరుతో ప్రతివారును కొన్ని వారములు చేయి తిప్పుకొనవలెను. అచట కూలిన హెలికాప్టరుకు మరమ్మతు ఖర్చు లేదు.

ఇంధనములలో గొప్పది, అల్పమైనది అను భేదము లేదని శ్రీహరికోటయే చెప్పుచున్నది. పి.ఎస్.ఎల్.వి. మొదటి, మూడవ దశలు ఘన ఇంధనముతోను, రెండవ, నాల్గవ దశలు ద్రవ ఇంధనముతోను నడచును. 2017 మే 5న అచట నుండి పంపబడిన జీశాట్-9 తనతో విద్యుత్ చోదక వ్యవస్థను సైతము కొనిపోయినది. అమెరికావారి ఇంజెన్యుయిటీ 2021 ఏప్రిల్ 19న అంగారకునిపై ఎగిరి, 2024 జనవరి నాటికి 72 మారులు ఎగిరినది. 1.8 కిలోల ఆ చిన్న హెలికాప్టరు విద్యుత్తుతోనే నడచినది. ఇంజను మండుటకు చాలిన ఆక్సిజను అచట లేదు గదా! స్థలమే యంత్రమును ఎన్నుకొన్నది.

ఉర్దూలో శౌక్ అను మాట కలదు. మనసు పెట్టి, శ్రమకోర్చి ఒక విద్యను ప్రేమించుట దాని భావము. ఆ మాటయే తెలుగులోనికి వచ్చి షోకు అయినది, అర్థము పైమెరుగుగా మారినది. పొగ, హోరు, నలుగురి చూపు కోరి యంత్రమును కొనుట షోకు. తన స్థలమును, తన తోటివారిని, తన చేతి మితిని ఎరిగి యంత్రమును కొనుట శౌక్. మన కళాశాల రెండు భాషలకును పుట్టినిల్లు గనుక ఈ రెండు మాటలకు గల దూరము మనకు తెలియవలెను. రాబోవు విద్యాసంవత్సరములో మన మైదానముపై ఒక చిన్న విద్యుత్ హెలికాప్టరు లేచుగాక! దానిని ఎగురవేయు చేయి తరగతిలో అందరికంటె వెనుక కూర్చుండు విద్యార్థిది కాగలిగినచో ఈ ఎన్నిక సార్థకమైనట్లే.