మాలపల్లిని చదువక వ్రాయు విద్య

నరసరావుపేట ప్రాంతమున నొక విద్యాలయమువారు కొంతకాలము క్రిందట విద్యార్థులకు వ్యాసరచనలో పోటీ పెట్టి, పరీక్షించి పంపుమని నాకొక కాగితముల కట్టను బంపిరి. విషయము ఉన్నవ లక్ష్మీనారాయణగారి 'మాలపల్లి' నవలా విమర్శ. మొదటి వ్యాసమును జదివి సంతసించితిని. రెండవదానిని జదివి యాశ్చర్యపడితిని. మూడవదానిని జదువ నక్కఱయే లేకపోయెను. గ్రంథకర్త పుట్టువుతో ప్రారంభము, నడుమ కథాసంగ్రహము, తుదకు సంఘమునకు మేలుకొలుపని ప్రశంస. అన్నియు నొక్క గైడులోనివే. ఆ గైడున చౌదరయ్య పేరు చౌదయ్యయని తప్పు పడినది కాబోలు, చౌదయ్యయే వ్యాసము వెంట వ్యాసముగా నన్ను వెన్నాడెను.

పిల్లలను నేను నిందింపను. ఉపాధ్యాయుడనై యుండిన దినములలో నేనును నల్లబల్లపై పాయింట్లు వ్రాసి, కంఠస్థము చేయుడని చెప్పినవాడనే. నవలను తెచ్చి తరగతిలో చదివించిన పాపమున బోలేదు. నాటి నా శిష్యులు నేడు ఉపాధ్యాయులైరి. ఈ కట్టలోని వ్యాసములకు నేను కొంత పితామహుడనే యని యొప్పుకొనుట న్యాయము.

అయినను ఈ గ్రంథము విషయమున నింత యుదాసీనత పల్నాటివారికి తగదు. ఉన్నవవారు 1877లో నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడున జన్మించిరి. పుల్లరికి ఎదురు తిరిగిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరి 22వ తేదీన మించాలపాడున గుండ్లకు బలియైన కాలమది. స్వాతంత్ర్యోద్యమమున చెఱసాలకు పోయిన లక్ష్మీనారాయణగారు అచ్చటనే యీ నవలను వ్రాసిరి. 1922లో నది అచ్చయ్యెను. మద్రాసు ప్రభుత్వము మఱుసటి యేడే దానిని నిషేధించెను. 1928లో కొన్ని మార్పులతో ననుమతించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పాఠ్యగ్రంథముగా గైకొనిన పిదప 1936లో మరల నిషేధించి పాఠ్యములనుండి తొలగింపజేసెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము వచ్చిన పిమ్మటగాని యా సంకెల వీడలేదు. దొరల కీ పుస్తకమన్న భయముండెను. భయపడువాడు చదివినవాడే. మన గైడు సాధించిన విజయము దొరలకు దక్కలేదు. పుస్తకమంగడిలో నున్నది, గ్రంథాలయమున నున్నది, పరీక్షలో మార్కులు గూడ నున్నవి. చదువువాడు మాత్రము లేడు. ఇట్టి యేర్పాటుండగా ఏ ప్రభుత్వమునకు మాత్రము నిషేధముతో నేమి పని?

నవలను గూర్చి వ్యాసము వ్రాయుట యనగా కథ చెప్పుట కాదు. కథ నవలలోనే యున్నది, అంతకంటె బాగుగ నున్నది. చదివినవాని మనసున లేచిన సందేహమునకు ఆ పుస్తకములోనే సమాధానము వెదకి, దొరకిన తావులను జూపి, కాదనువాని మాటకు జవాబు చెప్పుటయే వ్యాసము. మాలపల్లిలో నట్టి సందేహములకు కొదువ యేమి? ఒకే యింట మూడు మార్గములున్నవి. తండ్రి రామదాసు భక్తుడు, సహనమూర్తి. కుమారుడు సంగదాసు కూలివారిని సంఘముగా గూర్పజూచి చౌదరయ్య దెబ్బకు ప్రాణము విడుచును. ఇంకొక కుమారుడు వెంకటదాసు తక్కెళ్ళ జగ్గడై కలవారిని దోచి లేనివారికి పెట్టును. గ్రంథకర్త మనసీ మువ్వురిలో నెవరి ప్రక్క నున్నది? నవలకు 'సంగవిజయము' అని రెండవ పేరు పెట్టిరి గదా, చచ్చిన సంగదాసునకు విజయ మేమి? కొడుకును బోగొట్టుకొనియు పగబట్టని రామదాసు ఓర్పు ధర్మమా, తరతరములుగా నలవడిన భయమునకు ధర్మమని పెట్టుకొనిన పేరా? వీనిలో నొక్క ప్రశ్నను బట్టుకొని నాలుగు తావులు చూపి రెండు పుటలు వ్రాసినవాడు విమర్శకుడు. గ్రంథకర్త జన్మతేదీ తప్పు వ్రాసినను వాడు విమర్శకుడే.

ఇంకొక ప్రశ్న గలదు. దానిని తరగతిలో నడుగుటకు మనకు గుండె చాలదు. మాలవాడ కథను బ్రాహ్మణ గృహమున బుట్టినవారు వ్రాసిరి. వారి చూపు ఎంతవఱకు పోగలిగెను, ఎచ్చట నాగెను? వినుకొండలో 1895లో జన్మించిన జాషువగారు ఆ బాధను తాము పడి 1941లో 'గబ్బిలము'న జెప్పిరి. రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూడుమని విద్యార్థి కేల చెప్పరాదు? ఇది ఉన్నవవారికి అపచార మనుకొనువారు వారి నెఱుగనివారు. అసలు కారణము వేఱు. తరగతిలో రామదాసు మనుమలును గలరు, చౌదరయ్య మనుమలును గలరు. నిజమైన ప్రశ్న అడిగినచో ఊరిలోని తగవు బల్లలమీదికి వచ్చునని పంతులుగారి భయము. కంఠస్థ వ్యాసమున నా భయము లేదు. అందు అస్పృశ్యత యెప్పుడో యెక్కడో జరిగిన దురాచారము. మన యూరి బావి దగ్గఱిది కాదు.

మార్కులకొఱకు తప్పదని తల్లిదండ్రులందురు. కాగితమునకు కొన్ని నిమిషములు మాత్రమే చిక్కు పరీక్షకుడు గీత గీసిన పాయింట్లనే చూచుననుటయు నిజమే. ఈ వాదమును నేను త్రోసివేయను. కాని యింటిలో నెవరు పరీక్షకులు? రాత్రి భోజనముల పిమ్మట నొక ప్రకరణమును పిల్లవానిచేత బిగ్గరగా జదివించుటకు ఏ మార్కుల పట్టిక యడ్డు వచ్చినది? ఆ నవల గుంటూరు సీమ వాడుక మాటలతో వ్రాసినది. వంటయింటిలోని ముసలమ్మయు విని యిది మన మాటయే యనును. ఆ మాటలు విని పెరిగిన పిల్లవానిచేత మనము గైడు భాష వ్రాయించుచున్నాము. (గ్రాంథికమున నీ ముక్క వ్రాయుచున్న నన్ను జూచి చదువరులు నవ్వవచ్చును. నాకు చిన్ననాట పట్టిన యలవాటిది, పిల్లల కంటింపదలపను.)

కట్టలో నడుగున నొక వ్యాసము వేఱుగ నుండెను. ఒక బాలిక వ్రాసినది. జన్మతేదీ లేదు, ప్రశంస లేదు. రామదాసుమీద తనకు కోపము వచ్చినదని మొదటి వాక్యము. ఎచ్చటెచ్చట వచ్చినదో ప్రకరణములు చూపినది. పిదప తన తాతయు నట్లే మాటాడక యూరకుండెడివాడని వ్రాసి, ఆ పంక్తిని కొట్టివేసి, మరల పైన వ్రాసినది. తుదిపుటలో రామదాసు పక్షమున దానే వాదించి, సగము లోబడి, సగము లోబడక విడిచినది. అక్షరదోషములు చాలగలవు. దానికి మొదటి బహుమతి యిమ్మని వ్రాసి పంపితిని.

వారము దినములకు విద్యాలయమువారి యుత్తరము వచ్చెను. ఆ వ్యాసమున ఉపోద్ఘాతమును కవిపరిచయమును లేవనియు, కుటుంబ విషయములు ప్రసక్తములు కావనియు, నిర్ణయమును పునరాలోచింప గోరుచున్నామనియు దాని సారాంశము. ఆ యుత్తరమునకు నా ప్రత్యుత్తర మిది.