అంచు మసకైతే తప్పు లెన్సుదేనా?

ఫొటోలో చిలకపచ్చ. పార్సిల్ విప్పితే ముదురాకుపచ్చ! ఫోన్లో చూసి చీర కొన్నవాళ్లలో చాలామందికి ఇది అనుభవమే. చీర వెనక్కి వెళ్తుంది. రానూపోనూ ఖర్చు, దాంతోపాటు మాటా నేసినవాళ్లే పడాలి. నిజానికి నేతలో తప్పులేదు, అద్దకంలోనూ లేదు. తప్పంతా ఫొటోది. కొత్త కెమెరా, ఖరీదైన లెన్సు ఉన్నా ఇలా ఎందుకవుతుంది? ఆ రెండింటి జోడీ ఎలాంటిదో తేల్చుకోవడానికి ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చీరలే మంచి పరీక్ష.

ముందు పదును సంగతి చూద్దాం. పోచంపల్లి ఇక్కత్‌కి నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగుల్లో ముంచుతారు. కట్టు కిందికి రంగు కాస్త పాకుతుంది. మగ్గమ్మీద పోగులు వెంట్రుకవాసి అటూఇటూ జరుగుతాయి. అందుకే పూల అంచులు కొద్దిగా అలికినట్టు ఉంటాయి. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేతకు అదే అందం. అది చూసి లెన్సు బాగాలేదనుకుంటే పొరపాటే. చూడాల్సింది పువ్వు అంచుని కాదు, పోగుని!

చీరని గోడకి ముడతల్లేకుండా వేలాడదీయండి. కెమెరాని ట్రైపాడ్ మీద చీరకి సరిగ్గా ఎదురుగా నిలిపి, ఐఎస్ఓ తక్కువలో ఉంచి, రెండు సెకన్ల టైమర్‌తో తీయండి. ఎపర్చర్ ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 చాలు. ఎఫ్/22 దాకా మూసేస్తే ఎంత మంచి లెన్సయినా మెత్తబడుతుంది. ఫొటోని నూరు శాతానికి పెంచి చూడండి. మధ్యలో పోగులు విడివిడిగా కనిపించాలి. నాలుగు మూలలూ ఒకేలా మెత్తగా ఉంటే అది ఆ లెన్సు తీరు. ఒక్క మూలే మసకగా ఉంటే కెమెరా వంగిందేమో సరిచూసి మళ్లీ తీయండి. అప్పుడూ అదే మూల మసకైతే, గ్యారంటీ ఉండగానే లెన్సుని దుకాణానికి తీసుకెళ్లండి.

డీఎస్ఎల్ఆర్ అయితే ఇంకో మెలిక ఉంది. వ్యూఫైండర్లోంచి తీస్తే మసగ్గా, లైవ్ వ్యూలో తీస్తే స్పష్టంగా వస్తోందా? లెన్సూ మంచిదే, కెమెరా కూడా మంచిదే. ఆ రెండింటికీ ఫోకస్ కుదరలేదంతే! చాలా మోడళ్లలో దాన్ని సరిచేసే ఏర్పాటు మెనూలోనే ఉంటుంది. మిర్రర్‌లెస్ కెమెరాలు సెన్సర్ మీదే ఫోకస్ చేస్తాయి కాబట్టి వాటికి ఈ బాధ తక్కువ. సన్నని నేత మీద లేని చారలు అలల్లా కనిపిస్తే కంగారుపడొద్దు. పోగుల వరసకీ సెన్సర్ గళ్లకీ పడే పేచీ అది. ఒకడుగు ముందుకో వెనక్కో జరిగితే సరి.

ఇక రంగు. ఇందులో లెన్సు వాటా చాలా తక్కువ. అద్దాల పూతని బట్టి కాస్త పసుపు వైపో, నీలం వైపో మొగ్గుతుందంతే. అసలు పెత్తనం వెలుతురిదీ, కెమెరాదీ. కాబట్టి రంగు బాగాలేదని లెన్సు మార్చడం డబ్బు దండగ. ట్యూబులైటు ఆర్పేసి, ఎండ నేరుగా పడని వరండాలో, చీర పక్కన గ్రే కార్డు పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేయండి. పుట్టపాక తేలియా రుమాలు ఎరుపు మహా గడుసుది. ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువైతే చాలు, పోగులన్నీ కలిసిపోయి ఎర్రటి ముద్దలా కనిపిస్తుంది. హిస్టోగ్రామ్‌లో ఎరుపు గీత కుడి అంచుకి తగలకుండా చూడాలి. గద్వాల చీరకి ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలుకి కుదిరిన వెలుతురులో జరీ తెల్లగా వెలిసిపోవచ్చు. కొంగుకి విడిగా ఇంకో ఫొటో తీస్తే మంచిది.

అన్నీ అయ్యాక ఆఖరి పరీక్ష. పగటి వెలుతురులో చీరనీ, ఫోన్లో ఫొటోనీ పక్కపక్కన పెట్టి ఇంట్లో పెద్దావిడని పిలవండి. 'ఇదీ అదీ ఒకటే' అని ఆమె అన్నాకే ఫొటో పంపండి. అలా వెళ్లిన చీర రంగు తేడా అంటూ వెనక్కి రావడం అరుదు!