క్యాన్సర్ యంత్రాలు వస్తాయి, లెక్క చూసేవారు ఎక్కడ?

0.3 నిమిషాలంటే ఎన్ని సెకన్లు? 18. కానీ 1996లో కోస్టారికా రాజధాని శాన్ హోసేలోని ఒక ఆసుపత్రిలో దాన్ని 30 సెకన్లుగా లెక్కగట్టారు. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఇచ్చే యంత్రంలో కొత్త కోబాల్ట్-60 సోర్సును అమర్చి, అది నిమిషానికి ఎంత మోతాదు ఇస్తుందో కొలిచేటప్పుడు జరిగిన పొరపాటిది. సోర్సు అసలు శక్తి కంటే తక్కువని తేలడంతో చికిత్స సమయాన్ని ఎక్కువ పెట్టారు. సుమారు 115 మంది రోగులకు అందాల్సినదానికంటే 50 నుంచి 60 శాతం ఎక్కువ రేడియేషన్ అందింది. వారిలో కొందరి మరణాలకు ఇదే కారణమని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ (ఐఏఈఏ) నిపుణులు తేల్చారు.

కణితికి ఎంత మోతాదు ఇవ్వాలో క్యాన్సర్ వైద్యులు నిర్ణయిస్తారు. యంత్రం కచ్చితంగా అంతే ఇస్తోందా, పక్కనున్న ఆరోగ్యకరమైన కణజాలానికి ఎంత తగులుతోంది అని చూసే పని మెడికల్ ఫిజిసిస్టులది. కోబాల్ట్-60 అర్ధజీవితకాలం సుమారు 5.27 ఏళ్లు. అంటే సోర్సు శక్తి నెలకు దాదాపు ఒక శాతం తగ్గుతుంది, ఆ మేరకు చికిత్స సమయాన్ని సవరిస్తూ ఉండాలి. లీనియర్ యాక్సిలరేటర్లలో సోర్సు ఉండదు గానీ తనిఖీ చేయాల్సినవి ఇంకా ఎక్కువ. ఎంఎస్సీ భౌతికశాస్త్రం చదివే రోజుల్లో మా తరగతిలో ఈ వృత్తి పేరు ఎవరూ ఎత్తలేదు. ఇప్పటికీ చాలామందికి ఇది తెలియని రంగమే.

ఈ వృత్తికి ప్రపంచస్థాయి వేదిక అంతర్జాతీయ మెడికల్ ఫిజిక్స్ సంస్థ, అంటే ఐఓఎంపీ. 1963లో అమెరికా, బ్రిటన్, కెనడా, స్వీడన్ సంఘాలతో మొదలై, ఇప్పుడు 80కి పైగా జాతీయ సంఘాలకు విస్తరించింది. మేరీ క్యూరీ పుట్టినరోజైన నవంబర్ 7ను 2013 నుంచి అంతర్జాతీయ మెడికల్ ఫిజిక్స్ దినంగా జరుపుతోంది. ఫిజిసిస్టు విధులేమిటి, ఏ చదువు, ఎంత శిక్షణ కావాలి అనే అంశాలపై విధాన పత్రాలు వెలువరించింది. ఇవన్నీ అవసరమైన పనులే. అయితే ఇలాంటి సంస్థ భవిష్యత్ ప్రణాళిక వేసుకునేటప్పుడు విజయాన్ని దేనితో కొలవాలి? సభ్య సంఘాల సంఖ్య, సదస్సుల సంఖ్య లెక్కించడం సులువు. శాన్ హోసే లాంటి చోట ఆ రోగులను అవి కాపాడలేవు. యంత్రం ఉన్న ప్రతిచోటా శిక్షణ పొందిన మనిషి ఉన్నారా అన్నదే అసలు కొలమానం కావాలన్నది నా వాదన.

ఇందులో చిక్కు కాలానిది. భౌతికశాస్త్రంలో డిగ్రీ తర్వాత మెడికల్ ఫిజిక్స్‌లో పీజీ, ఆపైన ఆసుపత్రిలో పర్యవేక్షణలో కనీసం రెండేళ్ల శిక్షణ ఉండాలని ఐఓఎంపీ, ఐఏఈఏ రెండూ చెబుతున్నాయి. పీజీకి రెండేళ్లు వేసుకుంటే ఒక్కరు తయారుకావడానికి నాలుగేళ్లు. సంస్థ కార్యవర్గం మాత్రం మూడేళ్లకోసారి మారుతుంది. తన హయాంలో ఫలితం చూపాలనుకునే ఏ కార్యవర్గానికైనా సదస్సు పెట్టడమే దగ్గరి దారి. అందుకే ప్రణాళిక పదవీకాలానికి లోబడి ఉండకూడదు. కనీసం పదేళ్లకు లక్ష్యాలు పెట్టుకుని, ప్రతి కార్యవర్గమూ ఎక్కడిదాకా వచ్చామో లెక్క చెప్పాలి.

భారత్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం 1962లోనే రేడియలాజికల్ ఫిజిక్స్‌లో డిప్లొమా మొదలుపెట్టింది. 1976లో జాతీయ సంఘం ఏర్పడింది. ఫిజిసిస్టు లేకుండా రేడియోథెరపీ విభాగం నడపడానికి అణుశక్తి నియంత్రణ మండలి ఒప్పుకోదు. ఆ నిబంధన వల్లే ఆసుపత్రుల్లో ఈ ఉద్యోగాలు పుట్టాయి. అయితే మన దగ్గర చదువు తర్వాత తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఒక్క ఏడాదే. అంతర్జాతీయంగా చెబుతున్నదానిలో ఇది సగం. ఈ తేడాను ఎప్పటిలోగా, ఎన్ని ఆసుపత్రుల్లో, ఎవరి ఖర్చుతో పూడ్చాలన్నది చెప్పకపోతే రెండేళ్ల ప్రమాణం కాగితం మీదే ఉంటుంది.

కొలవడానికి నమూనా కోసం వెతకక్కర్లేదు. ఐఏఈఏ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి 1969 నుంచి టపాలో మోతాదు తనిఖీ నడుపుతున్నాయి. చిన్న డోసిమీటర్లను ఆసుపత్రికి పంపుతారు. అక్కడివారు వాటికి నిర్ణీత మోతాదు ఇచ్చి తిప్పి పంపుతారు. చెప్పినదానికీ, నమోదైనదానికీ మధ్య తేడా 5 శాతం లోపు ఉంటే సరే, దాటితే కారణం వెతుకుతారు. ఏ దేశంలో ఎన్ని రేడియోథెరపీ యంత్రాలున్నాయో ఐఏఈఏ జాబితా కూడా నిర్వహిస్తోంది. ఐఓఎంపీ చేయాల్సింది ఆ జాబితా పక్కన మరో మూడు గడులు చేర్చడం. శిక్షణ పూర్తయిన ఫిజిసిస్టులు ఎందరు, శిక్షణలో ఉన్నవారు ఎందరు, తనిఖీలో పాల్గొన్న ఆసుపత్రులు ఎన్ని. దేశాలవారీగా ఏటా ప్రకటిస్తే చాలు, లోటు ఎక్కడుందో ఆరోగ్య మంత్రులకూ కనబడుతుంది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. పేద దేశాల్లో ప్రమాణాలు బిగిస్తే ఉన్న ఒకటి రెండు యంత్రాలూ ఆగిపోతాయని, చికిత్స అసలే అందక రోగులు చనిపోతారని. నిజమే. అందుకే యంత్రాన్ని ఆపమనడం లేదు. కొత్త యంత్రం కొనే డబ్బులోనే ఫిజిసిస్టు శిక్షణ ఖర్చునూ చేర్చమని, ఈలోగా పొరుగు దేశపు నిపుణులతో ప్రతి లెక్కనూ రెండోసారి సరిచూపించమని అడగాలి. వృత్తి సంఘానికి ఆదేశించే అధికారం లేదన్నదీ వాస్తవమే. కానీ దాతలకు, ప్రభుత్వాలకు లోటును అంకెల్లో చూపే అవకాశం దానికి ఉంది.

ఆ ప్రపంచ సంస్థలో భారత సంఘం కూడా సభ్యురాలే. ఈ మూడు గడుల ప్రతిపాదనను మన సంఘమే ముందుకు తేవచ్చు. మొదటి పట్టికను మన రాష్ట్రాలతోనే, అందులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఆసుపత్రులతో సహా, నింపి చూపవచ్చు.