వంక ఎండియున్న నాడే

అనావృష్టికి అలవాటుపడిన సీమ అతివృష్టిని ఒకంతట నమ్మదు. చిలమకూరు మొదలుకొని ఇటు జమ్మలమడుగు, అటు పులివెందుల వరకు మన ఇండ్లలో ముందుచూపు అనబడునదంతయు కరవును ఉద్దేశించినదే. గాదెలో గింజలు మిగుల్చుకొనుట, వామిలో గడ్డి నిలుపుకొనుట, బోరు ఎండినచో గతియేమని ముందే తలపోసికొనుట మనకు తాతలనాటి విద్యలు. వరద విషయమున మాత్రము “మనకు నీళ్ళెక్కడివిలే” అను ఒక్క మాటతో సరిపెట్టుకొందుము. 1902 సెప్టెంబరులో, ముద్దనూరుకు చేరువనున్న మంగపట్నము వద్ద, వరదకు వంతెన కొట్టుకొనిపోయిన సంగతి తెలియక వచ్చిన మద్రాసు మెయిలు ప్రవాహమున కూలి, పదులకొలది ప్రయాణికులు మరణించిరి. నేటికిని మనము అదే దారిని రైలెక్కి పోవుచున్నాము. ఆ దుర్ఘటనను తలచువారు మాత్రము అరుదు.

పెన్న, చిత్రావతి, పాపాఘ్ని మూడును కర్ణాటకమున నంది కొండల ప్రాంతమున పుట్టి మన జిల్లాకు దిగివచ్చునవి కావున, మన వాకిట చినుకు రాలకున్నను, ఎగువ కురిసిన వాన ఏ అర్ధరాత్రియో మన పొలిమేరకు రావచ్చును. 2021 నవంబరు 19వ తేదీన, కార్తిక పూర్ణిమ నాటి ఉదయమున, ఎగువ పింఛా కట్ట తెగి వచ్చిన నీటికి చెయ్యేటిపైని అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకొనిపోగా, దీపములు వెలిగింపవలసిన పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట గ్రామములపై ఏరే వచ్చి పడినది. ఆ వెంటనే వెలిగల్లు నుండి వచ్చిన వరదకు కమలాపురము వద్ద పాపాఘ్ని వంతెన కూలి, మనము కడపకు పోవు బాట తెగిపోయినది. దివిసీమను ఉప్పెన ముంచినదియు 1977లో ఇదే నవంబరు 19న. ఈశాన్య ఋతుపవనముల కాలమున ఇట్టి ఆపదలు కలుగుచుండగా, మన సన్నాహము ప్రొద్దుటూరు దసరాకు పోవుటకు ముందే ముగియవలెను గాని, వార్తలలో వాయుగుండము పేరు విన్న పిదప ఆరంభింపరాదు.

మొదట చూడవలసినది మిద్దె. మట్టిమిద్దెలు మన పల్లెలలో ఇంకను మిగిలియున్నవి, వానిలో నివసించువారు తఱచుగా వృద్ధులు. పైని చవుడు పలుచబడిన తావున కొత్తమన్ను పోసి గట్టిగా దిమ్మిస కొట్టింపవలెను. నీరు జారు తూములలో చేరిన ఆకు అలమును తీసివేయవలెను. తూము మూసికొనిపోయినచో నీరంతయు మన్నులో ఇంకి, ఆ బరువునకు దూలము వంగి, వాన వెలిసిన మరునాడైనను మిద్దె నిద్రించువారిపై కూలును. గోడ అడుగున చెమ్మ ఎక్కి, పైనుండి మన్ను పొడిపొడిగా రాలుట ఆరంభమైనచో, సామానును గూర్చి ఆలోచింపక మనుషులను బయటికి తీసికొనిపోవలెను.

పట్టాదారు పాసుపుస్తకము, ఆధారు, రేషను కార్డులు, బ్యాంకు పుస్తకము నీరు చొరని సంచిలో ఒక్కచోట ఉండవలెను. వానితోపాటు నిత్యము వాడు మందులు, టార్చిలైటు, రెండు పూటలకు సరిపడు బొరుగులు, బెల్లము. ఇంటిలోనికి నీరు వచ్చు సూచన కానవచ్చినచో తడి చేతితో కాక, నీటిలో నిలిచి కాక, ముందుగానే మెయిను స్విచ్చి ఆపవలెను. పాడిగల ఇంటివారికి ఒక మాట ప్రత్యేకముగా చెప్పవలసియున్నది: మనము మెరక చేరుకొని, గాటిపాటన కట్టిన గేదెను మరచినచో, ఈదగలిగిన జంతువు పలుపు మెడకు బిగిసి ప్రాణము విడుచును. తోలుకొనిపోవుటకు వ్యవధి లేకున్న, పలుపు కోసియైనను వదలివేయవలెను.

ఇంతకన్న నన్ను బాధించునది వంక దాటు సాహసము. రెండడుగుల లోతున పారు నీరు కారునైనను తేల్చి లాగివేయగలదు. మోటారుసైకిలు ఒక లెక్కలోనిది కాదు. బురద నీటి క్రింద చప్టా ఉన్నదో, కోసుకొనిపోయినదో, పగటివేళనే కంటికి ఆనదు. ఇంటివద్ద తల్లి ఎదురుచూచునని తొందరపడి దిగు బిడ్డకు, ఈ గట్టుననే ఎవరింటనైనను రాత్రి గడుపుమని ఆ తల్లియే ముందుగా చెప్పియుంచవలెను. ఆ మాట ఇంటిలో వాన లేని దినముననే అనుకొని ఉండవలెను.

ఇవి ఇంటివారు చేసికొనగలిగినవి. పంచాయతీ చేయవలసినవి వేరుగా ఉన్నవి: ప్రతి చప్టా ప్రక్క అడుగుల లెక్క వ్రాసిన రాయి నాటుట, వంకను ఆక్రమించిన గట్లను తొలగించుట, జిల్లా విపత్తుల సంఖ్య 1077ను, అత్యవసర సంఖ్య 112ను రచ్చబండ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయించుట, ఫోను లేని ముసలివారి తలుపు తట్టుటకు వీధికొక యువకుని నియమించుట. మన ప్రాంతమున నాపరాతికి కొదువ లేదు; ఆ లోతురాళ్ళనైనను సెప్టెంబరు ముగియులోపల నాటింపవలెనని రానున్న గ్రామసభలో అడుగుడు.