విదేశీ పెట్టుబడి: బోర్డు మారితే చాలునా?

బిలాస్‌పూర్: ఈ రైల్వే జోన్ కేంద్రం మీదుగా నిత్యం సాగే గూడ్సు బండ్లలో బొగ్గుతో పాటు సిమెంటు కూడా తరలుతుంది. ఆ సిమెంటును తయారు చేసే కర్మాగారాలు పాతికేళ్లలో ఎన్ని చేతులు మారాయో గమనిస్తే, ప్రత్యక్ష విదేశీ పెట్టుబడుల వల్ల వర్ధమాన దేశానికి ఒనగూరేదేమిటన్న ప్రశ్నకు కొంతవరకు సమాధానం లభిస్తుంది.

1991 జూలై నాటి పారిశ్రామిక విధానం విదేశీ వాటాలకు తలుపులు తెరిచింది. 1999లో ఫ్రాన్సుకు చెందిన లాఫార్జ్, టాటా స్టీల్ సిమెంటు విభాగాన్ని రూ. 550 కోట్లకు కొనుగోలు చేసి దేశంలో ప్రవేశించింది. సోనాడీహ్ కర్మాగారం ఆ విధంగా దాని వశమైంది. తరువాత అరస్‌మేటాలోని రేమండ్ సిమెంటు కర్మాగారమూ అదే బాట పట్టింది. అరస్‌మేటా 1998 వరకు బిలాస్‌పూర్ జిల్లాలోనిదే.

లెక్కల్లో ఇది విదేశీ పెట్టుబడి. అయితే సొమ్ము చేరింది అమ్మిన కంపెనీలకు. కొనుగోలు జరిగిన నాడు ఇక్కడ కొత్త బట్టీ వెలగలేదు. అమ్మిన సంస్థ ఆ డబ్బును తన ప్రధాన వ్యాపారంలో పెట్టుకోవచ్చును, ఆ మేరకు దేశానికి లాభమేనన్న వాదనను కాదనలేము. కానీ ఆ లాభం సున్నపురాయి తవ్విన గ్రామాలకే చేరుతుందన్న హామీ లేదు.

2015లో లాఫార్జ్, స్విట్జర్లాండుకు చెందిన హోల్సిమ్ విలీనమయ్యాయి. హోల్సిమ్ చేతిలో అప్పటికే ఏసీసీ, అంబుజా ఉన్నందున పోటీ కమిషన్ షరతులు విధించింది. ఫలితంగా 2016లో ఈ కర్మాగారాలు సుమారు 140 కోట్ల డాలర్లకు నిర్మా సంస్థ పరమయ్యాయి. బట్టల సబ్బుపొడితో ఇంటింటికీ పరిచయమైన కంపెనీయే ఇది! ఐరోపాలో కుదిరిన పెళ్లికి ఇక్కడ ఆస్తి పంపకం జరిగిందన్నమాట. 2022లో హోల్సిమ్ సైతం ఏసీసీ, అంబుజాలను అదానీ గ్రూపుకు విక్రయించి వైదొలగింది.

కరవు సీమ అయిన పెనుకొండ వద్ద కొరియాకు చెందిన కియా చేసింది వేరు. 2017లో ఒప్పందం చేసుకుని, సుమారు 110 కోట్ల డాలర్లతో ఖాళీ నేలపై కర్మాగారం నిర్మించి, 2019లో కార్ల ఉత్పత్తి ప్రారంభించింది. విడిభాగాల పరిశ్రమలు వెంట వచ్చాయి. ఇందుకు రాష్ట్ర ప్రభుత్వం భూమి, రాయితీలు ఇవ్వవలసి వచ్చిన మాట వాస్తవమే. అయినా ఆ ఖర్చుకు ఎదురుగా చూపడానికి ఒక కర్మాగారమైనా ఉంది.

ఏటా ప్రకటించే పెట్టుబడుల మొత్తంలో ఈ రెండు రకాలూ కలిసిపోతాయి. బొగ్గు తవ్వకం, విక్రయాలలో నూరు శాతం విదేశీ పెట్టుబడికి కేంద్రం 2019లో అనుమతించింది. ఎస్ఈసీఎల్ ప్రధాన కార్యాలయమున్న బిలాస్‌పూర్‌కు ఇది దూరపు విషయం కాదు. అటువంటి ప్రతిపాదన వచ్చిన నాడు, ఎన్ని కోట్లన్నది చెప్పే ముందు, ఆ సొమ్ము కొత్త గనికా లేక పాత వాటాల కొనుగోలుకా అన్నది అధికారులు వెల్లడించవలసి ఉంటుంది.